మిక్సీ మీద నింద, బ్యాటరీ చేసిన పని

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటికి కరెంటు బిల్లు వచ్చిన రోజు చిన్న పంచాయతీ జరుగుతుంది. రీడింగు తీసే అబ్బాయి చేతిమిషను నుంచి చింపి ఇచ్చిన కాగితాన్ని మావయ్య గుమ్మంలోనే నిలబడి చదువుతారు. అత్తయ్యకు తెలుగు తప్ప ఒడియా చదవడం రాదు కనుక ఆయన నోటి నుంచి అంకె వెలువడే వరకూ ఓపిక పట్టి, ఆ వెంటనే వంటింటి వైపు చూస్తారు. పోయిన ఏడాది మే నెలలో ఆ అంకె 418 యూనిట్లు. మా ఇంట్లో ఏసీ లేదు. ఆరుగురం మనుషులం, నాలుగు పాత ఫ్యాన్లు, ఒక కూలరు, ఫ్రిజ్, నీళ్ల మోటారు, ఇన్వర్టరు, అంతే. "పొద్దస్తమానం మిక్సీ, గ్రైండరు తిప్పుతూ ఉంటే రాదా మరి" అన్నారు అత్తయ్య. ఆవిడ మంచి మనిషి, ఆ మాటలో ద్వేషం ఏమీ లేదు. కానీ నేను ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి వింటున్న మాట అది, పైగా నేను బడిలో లెక్కలు చెప్పుకునే దాన్ని.

వెయ్యి వాట్ల వస్తువు గంట సేపు నడిస్తే ఒక యూనిట్టు. మా మిక్సీ 750 వాట్లది. రోజు మొత్తంలో చట్నీకి, మసాలాకి కలిపి ఆరు నిమిషాలు తిరుగుతుందేమో. నెలంతా కలిపినా రెండున్నర యూనిట్లు దాటవు. మావయ్య రాత్రి పదకొండింటికి లేచి వెళ్లి ఆర్పే వరండా ఎల్‌ఈడీ బల్బు తొమ్మిది వాట్లది, అది రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు ఒకటిన్నర యూనిట్టు కూడా కాదు. ఈ లెక్క నోటితో ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో చెల్లలేదు, ఎందుకంటే మిక్సీ అరుస్తుంది, బల్బు కనబడుతుంది. మన ఇళ్లలో కరెంటు నింద చప్పుడును బట్టి, వెలుతురును బట్టి పడుతుందే తప్ప వాడకాన్ని బట్టి పడదు. చప్పుడు చేసే వస్తువులన్నీ వంటింట్లోనే ఉంటాయి కాబట్టి ఆ నింద చివరికి ఎవరి మీదకు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. బిల్లు తగ్గించడం ఆడవాళ్ల పొదుపు బుద్ధికి పరీక్ష కాదనీ, ముందు కొలిచి చూడవలసిన పని అనీ నేను ఒక ఏడాది పాటు కొలిచి చూసిన తరువాత చెబుతున్నాను.

జూలైలో రెండున్నర వేలు పెట్టి ఇంటి మొత్తం వాడకాన్ని ఫోనులో చూపించే ఎనర్జీ మానిటరు ఒకటి తెప్పించాను. అందులో బట్టల క్లిప్పులా నోరు తెరుచుకునే ఒక ఉంగరం ఉంటుంది, సీటీ క్లాంపు అంటారు. మెయిన్ నుంచి డీబీ బాక్సులోకి, అంటే ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టెలోకి, వచ్చే ఫేజు వైరును కోయకుండా, పైన తొడుగు వలవకుండా, ఆ ఉంగరాన్ని వైరు చుట్టూ మూసేస్తే చాలు, లోపల పారే కరెంటును బయటి నుంచే అంచనా కడుతుంది. పని సులువుగా కనిపిస్తుందని ఎవరూ సొంతంగా మూత విప్పవద్దు. మెయిన్ స్విచ్చు కట్టేసిన తరువాత కూడా దాని పైవైపు, అంటే మీటరు నుంచి వచ్చే వైపు, కరెంటు ఉంటూనే ఉంటుంది. మేము పిలిచిన మిస్త్రీ పనిమంతుడే గానీ ఆ వస్తువును అంతకు ముందు చూడలేదు. ఫేజు, న్యూట్రలు రెండింటినీ కలిపి ఉంగరంలో పెట్టేశాడు. ఇల్లంతా వెలుగుతోంది, కూలరు తిరుగుతోంది, ఫోనులో మాత్రం సున్నా. వెళ్లే కరెంటు, తిరిగి వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే ఉంగరానికి కనిపించేది సున్నాయే మరి. న్యూట్రలును బయటికి తీయించగానే అంకె 900 వాట్లు దాటింది. "ఇదేదో దొంగ మీటరు లాగుందమ్మా" అన్నాడతను, కాస్త అనుమానంగానే.

కొనేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. చవకరకం మానిటర్లలో కొన్ని ఆంపియర్లను మాత్రమే కొలిచి, వోల్టేజీని 230 అని ఊహించుకుని గుణించేస్తాయి. మా వీధిలో వేసవి సాయంత్రం వోల్టేజీ 195కు పడిపోయే రోజులున్నాయి, అటువంటప్పుడు ఆ లెక్క ఎంత తప్పుతుందో మీరే ఊహించుకోవచ్చు. వోల్టేజీని కూడా కొలిచి, పవర్ ఫ్యాక్టరును, అంటే పారే కరెంటులో నిజంగా పనికి పట్టే పాలును, కూడా లెక్కలోకి తీసుకునే రకమైతేనే డబ్బు పెట్టండి.

మావయ్య మొదటి రెండు రోజులు దాని వైపు చూడలేదు. మూడో రాత్రి నేనే ఆయన్ని మీటరు దగ్గరకు తీసుకెళ్లాను. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది, దాని పక్కన మా మీటరు మీదైతే 3200 అని రాసి ఉంది. దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్టు తిరిగినట్టు. ఆయన చేతి గడియారం మీద టార్చి వేసుకుని ఒక నిమిషం పాటు పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. పదిహేడు. పదిహేడును అరవైతో గుణించి 3200తో భాగిస్తే 0.319 కిలోవాట్లు, అంటే 319 వాట్లు. ఫోనులో 322 ఉంది. ఆయన ఇంకో నిమిషం లెక్కపెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. ఆ తరువాత మానిటరు మాటను ఆయన కాదనలేదు. నిజానికి రెండున్నర వేలు పెట్టలేనివారికి ఆ ఎర్ర దీపమే చాలు. అందరూ పడుకున్న తరువాత ఒక నిమిషం లెక్కపెట్టి చూడండి.

అసలు నిజం బయటపడింది మాత్రం శ్రావణంలో ఒక ఆదివారం. ఇంటిల్లిపాదీ టెక్కలిలో పెళ్లికి వెళ్లారు. పరీక్ష పేపర్లు దిద్దాలన్న నెపంతో నేనొక్కదాన్నే ఉండిపోయాను. ఫ్యాన్లన్నీ కట్టేశాను, ఫ్రిజ్ ప్లగ్గు తీసేశాను, డీబీ బాక్సులో మోటారు లైనుకున్న స్విచ్చును, అంటే ఎంసీబీని, దించేశాను. ఇక సున్నాకు దగ్గరగా ఉండవలసిన అంకె 118 దగ్గర నిలబడిపోయింది. సెట్‌టాప్ బాక్సు తీస్తే 107 అయింది. ఇరవై నాలుగు గంటలూ, టీవీ కట్టేసినా సరే, ఆ పెట్టె దాదాపు అంతే తాగుతుంది. రూటరు తీస్తే 100. మొబైలు ఛార్జర్లు గోడకు ఊరికే వేలాడుతూ ఉంటే కరెంటు తినేస్తాయని ఎంతోమంది భయపెడతారు గానీ, మూడు ఛార్జర్లు పీకినా అంకెలో చలనం లేదు. ఆ వంద వాట్లూ ఎక్కడివో తెలియక ఇల్లంతా తిరిగి, చివరికి మెట్ల కింద ఇన్వర్టరు బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూశాను. చివరిసారి కరెంటు పోయి వచ్చి రెండు రోజులైంది, అంటే అది ఎప్పుడో నిండిపోయి చల్లగా కూర్చోవాలి. అది మాత్రం అప్పుడే దించిన పాలగిన్నెలా వెచ్చగా ఉంది.

ఆ బ్యాటరీకి ఒక చరిత్ర ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా వెళ్లినప్పుడు స్తంభాలు పడిపోయి చీకట్లో గడిపిన రోజులు ఇక్కడెవరికీ మరుపుకు రావు. ఆ ఏడాది దీపావళికి మా వీధిలో చాలా ఇళ్లకు ఇన్వర్టర్లు వచ్చాయి. మాదీ అప్పటిదే. సీసపు పలకల బ్యాటరీ ముసలిదైతే లోపల తనంతట తానే ఖాళీ అవుతూ ఉంటుంది, ఇన్వర్టరు దాన్ని ఎడతెగకుండా నింపుతూ ఉంటుంది, ఆ నింపినదంతా వేడిగానూ, ఆవిరయ్యే నీళ్లుగానూ పోతుంది. మూడు వారాలకోసారి డిస్టిల్డ్ వాటరు పోయవలసి వస్తోందని మా ఆయన విసుక్కుంటూనే ఉన్నారు గానీ, ఆ విసుగుకూ బిల్లుకూ సంబంధం ఉందని మాకెవరికీ తోచలేదు. వంద వాట్లు రోజంతా అంటే రెండున్నర యూనిట్లకు కాస్త తక్కువ, నెలకు 72. ఒక్క మాట అనకుండా, ఒక దీపం వెలిగించకుండా, మెట్ల కింద కూర్చుని నా మిక్సీ ముప్పై నెలల్లో తినేదాన్ని ఒక్క నెలలో తినేసింది. పెళ్లి నుంచి వచ్చాక అత్తయ్యకు ఆ బ్యాటరీ మీద చెయ్యి పెట్టించాను. "ఓలమ్మో, దీనికి జొరం వచ్చింది" అన్నారు.

సెప్టెంబరులో బ్యాటరీ మార్చాం. దాన్ని ఆదా అని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. కరెంటులో మిగిలేదానితో కొత్త బ్యాటరీ ఖర్చు తీరడానికి మూడేళ్లు పడుతుంది. కానీ పాతది కరెంటు పోతే ఇరవై నిమిషాలు కూడా నిలవడం లేదు, ఎలాగూ మార్చవలసిందే. తెలియక రెండేళ్లు ఆలస్యం చేశాం.

మోటారు సంగతి మరీ విచిత్రం. పెళ్లి రోజున ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే అయినా ట్యాంకు సాయంత్రానికి సగం ఖాళీ అయిపోయింది. యాప్‌లో వెనకటి రోజులు చూస్తే రోజూ 900 వాట్ల గడ్డ ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం, ఒక్కొక్కటి యాభై నిమిషాలకు పైగా గ్రాఫులో కనబడుతోంది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, మేడ మీది మరుగుదొడ్డిలో ఫ్లష్ ట్యాంకు వాషరు అరిగి నీళ్లు చప్పుడు లేకుండా కమోడు లోపలి గోడ వెంట జారిపోతున్నాయి. వాషరు మార్చిన తరువాత మోటారు పగలు ఒక్కసారి వేస్తే చాలుతోంది. నీళ్ల లీకును కరెంటు మానిటరు పట్టించిందంటే మా మిస్త్రీ ఇప్పటికీ నమ్మడు.

ఫ్యాన్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అందరికీ తెలిసిందే. పాతవి డెబ్బై అయిదు వాట్లు, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారువి ముప్పై. మా దగ్గర ఫ్యాను ఏడాదిలో తొమ్మిది నెలలు తిరుగుతుంది కాబట్టి ముందు మార్చవలసింది అవే. మూడు మార్చాం. నాలుగోది మావయ్య గదిలోది, గోడకు డబ్బాలాంటి పాత రెగ్యులేటరుతో సహా ఆయన మార్చనివ్వలేదు. ఆ డబ్బా ఫ్యాను వేగాన్ని తగ్గిస్తుంది తప్ప మిగిలిన కరెంటును తనే వేడిగా కాల్చేస్తుందని చెబితే, చలికాలంలో పనికొస్తుందిలే అన్నారు.

ఇక ఈ వస్తువుల మీద నా ఫిర్యాదులు. ఏ పరికరం ఎంత వాడుతోందో తనంతట తానే గుర్తుపడుతుందని డబ్బా మీద గొప్పగా రాస్తారు. మాది మూడు వారాల పాటు ఇస్త్రీ పెట్టెను గీజరు అంది, మా ఇంట్లో గీజరే లేదు. శీతాకాలంలో బకెట్టులో హీటరు రాడ్ పెడతాం, బకెట్టుకు అర యూనిట్టు పైమాటే, దాన్నీ గీజరే అంది. ఎంసీబీలు ఒక్కొక్కటిగా దించి, అంకెలో ఎంత తేడా వచ్చిందో కాగితం మీద రాసుకోవడాన్ని మించిన పద్ధతి లేదు. నెట్టు పోతే లెక్క పోతుంది. ఇంట్లో మనుషులు ఎప్పుడున్నారో ఎప్పుడు లేరో ఆ గ్రాఫు చూసిన వాడికి చక్కగా తెలిసిపోతుంది, అది ఎవరి సర్వరులో ఉంటుందో ఆలోచించుకోవలసిందే. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంట్లోనే ఉంది. రెండో వారంలో మా ఆయన ఆఫీసు నుంచి ఫోను చేసి, "ఇప్పుడు పదిహేను వందల వాట్లు చూపిస్తోంది, ఏం పెట్టారు?" అని అడిగారు. నిందను ఆపడానికి తెచ్చిన వస్తువు కాపలా కెమెరా అయిపోయిందని అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రమే ఆయన ఫోనులోంచి ఆ యాప్ తీసేయించాను. కోపం వచ్చింది, రెండు రోజుల్లో పోయింది.

అందుకే ఇంటికొక మానిటరు కొనమని నేనెవరికీ చెప్పను. అది రెండు నెలల పని చేసే వస్తువు. దొరకవలసిన దొంగలు ఆ రెండు నెలల్లో దొరికిపోతారు. తరువాత రోజూ ఫోను తీసి చూసుకోవడం పిచ్చిగా మారుతుంది తప్ప ఒక్క యూనిట్టు తగ్గదు. వీధికి ఒకటి చాలు.

మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో మా పుట్టింటి బిల్లుతో మా బిల్లును రూపాయల్లో పోల్చే అలవాటు కూడా మానుకోవాలి. అక్కడి శ్లాబులు ఆంధ్రవి, ఇక్కడివి ఒడిశావి. ఒడిశాలో మనకు 50, 200, 400 యూనిట్ల దగ్గర ధర మారుతుంది. తగ్గించిన యూనిట్టు ఎప్పుడూ పైశ్లాబు నుంచే తగ్గుతుంది కనుక, 418 యూనిట్ల ఇంటివారు తగ్గించే ప్రతి యూనిట్టూ వారు కట్టే యూనిట్లన్నిటిలోకీ ఖరీదైనదే. పోల్చుకుంటే యూనిట్లను పోల్చుకోండి, అది కూడా మీ ఇంటి నిరుటి నెలతోనే. మా పక్కింటివారు ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందని మూడు కిలోవాట్ల సోలారు పెట్టించబోతున్నారు. మంచిదే. కానీ వారి ఇన్వర్టరు కూడా తిత్లీ కాలం నాటిదే. ముందు ఒక నెల కొలుచుకోండి బాబాయిగారూ, ముసలి బ్యాటరీని వేడి చేయడానికి మేడ మీద పలకలు ఎందుకు, అని చెప్పాను. ఆలోచిస్తామన్నారు.

ఈ మే నెలలో మా ఇంటికి 271 యూనిట్లు వచ్చాయి. ఒక వేసవిని మరో వేసవితో పోల్చి తేడా అంతా నా గొప్పే అనడం లెక్కల టీచరుకు తగదు, ఈసారి మధ్యలో రెండు వానలు కూడా పడ్డాయి. అయినా మావయ్య గుమ్మంలో ఆ అంకె చదివినప్పుడు అత్తయ్య వంటింటి వైపు కాకుండా మెట్ల కిందికి చూశారు.

మానిటరు ప్రస్తుతం గుణుపురంలో మా ఆడపడుచు ఇంట్లో ఉంది, దసరా తరువాత తిరిగి వస్తుంది. మన వీధిలో కావలసినవారు ముందుగా చెప్పండి. మిస్త్రీని మీరే పిలుచుకోవాలి, ఉంగరంలో ఫేజు ఒక్కటే పెట్టమని అతనికి చెప్పాలి, రెండు నెలలకు మించి ఉంచుకోకూడదు.