మన పిల్లలకు కరువైంది తిండి కాదు, ఆకలి

విశాఖలో సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో రాత్రి ఎనిమిదింటికి ఏ అపార్ట్‌మెంట్‌లోకి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. రెండేళ్ల పిల్లాడి ముందు సెల్‌ఫోన్, పక్కన గిన్నె పట్టుకుని తల్లి. "ఒక్క ముద్ద నాన్నా, ఇదే లాస్ట్." అరగంటైనా ఆ ముద్ద బుగ్గలోనే ఉంటుంది. మావాడు ఏమీ తినడండీ అని ఆమె బాధ. పొద్దుట్నుంచి వాడి కడుపులోకి ఏం వెళ్లిందో లెక్క చూడండి: లేవగానే పాలు, పదింటికి బిస్కెట్లు, మళ్లీ పాలు, సాయంత్రం తాతయ్య తెచ్చిన చిప్స్. ఇక అన్నానికి చోటెక్కడ?

ఏడాది నిండేసరికి బిడ్డ పుట్టినప్పటి బరువుకు మూడు రెట్లవుతాడు. ఆ వేగం తర్వాత ఉండదు. రెండో ఏడాది నుంచి ఏటా రెండు, రెండున్నర కిలోలు పెరిగితే చాలు. పెరుగుదల నెమ్మదించాక ఆకలీ తగ్గుతుంది, అది జబ్బు కాదు. కానీ మనకు టెన్షన్. పాలలో కలిపే పౌడర్ డబ్బాల వ్యాపారం నడిచేది ఈ టెన్షన్ మీదే. అలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్స్' జాబితాలోంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పాల్సి వచ్చింది. మన ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు.

పాలు మంచివే, కానీ రోజుకు అర లీటరు దాటితే తంటా. పాలలో ఐరన్ దాదాపు లేదు, పైగా తిండిలోని ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతమందీ తిండి లేని ఇళ్ల పిల్లలేనా?

తిండే చాలని ఇళ్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.2 శాతం. అంగన్‌వాడీ గుడ్డు, పాలు ఒక్కరోజు కూడా ఆగకూడదు. బరువు తగ్గుతున్న బిడ్డను డాక్టర్‌కు చూపించాల్సిందే. నేను మాట్లాడుతున్నది గిన్నె నిండా ఉండి కూడా నోరు తెరవని పిల్లల గురించి.

మందు మన దగ్గరే ఉంది. పూటకూ పూటకూ మధ్య రెండు మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ పెట్టకండి. తర్వాత చోడి (రాగి) జావ ఇవ్వండి. వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది పది దాటదు. పేదోళ్ల తిండని చోడిని వంటింట్లోంచి గెంటేసింది మన తరమే. హార్బర్‌లో కానాగంత చేపలు దొరుకుతాయి, ముళ్లు జాగ్రత్తగా తీసి పప్పన్నంలో కలపండి. ఎంత తినాలో పిల్లాడికే వదిలేయండి.

అసలు ఆకలి పుట్టేది పరుగులో. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు మూడు గంటల కదలిక కావాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. విశాఖలో ఎక్కడ కదలాలి? సెల్లార్ నిండా కార్లు, వీధి నిండా బైకులు. అంగన్‌వాడీ చూస్తే ఇరుకు అద్దె గది. బీచ్ రోడ్డును టూరిస్టుల కోసం ఎన్నిసార్లు ముస్తాబు చేశాం! మూడేళ్ల మా మనవరాలు మొన్న ఆదివారం ఇసుకలో గంటసేపు ఆడి వచ్చి, ములక్కాడ పప్పన్నం తానే కలుపుకుని రెండోసారి అడిగింది. మధురవాడ, గాజువాక పిల్లలు ఆ ఇసుక కోసం రోజూ ఇంత దూరం రాలేరు. మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో 98 వార్డులున్నాయి. వార్డుకొక మట్టి నేల, చుట్టూ కంచె, నాలుగు చెట్లు. ఈసారి ఓటడగడానికి వచ్చే కార్పొరేటర్‌ను ఆ నేల ఎక్కడిస్తారో సర్వే నంబరుతో సహా చెప్పమని అడగండి.