27వ నంబరు పల్లీ పట్టీ

నిన్న సాయంత్రం నాలుగున్నరకి కాల్. మధ్యాహ్నం తిండి లేదు, క్యాంటీన్ మూసేశారు. ఆఫీసు కింద లిఫ్టుల పక్కనున్న చిరుతిళ్ల మెషీన్ దగ్గరికి పరిగెత్తి, 27 నొక్కి, క్యూఆర్ స్కాన్ చేసి ఇరవై రూపాయలు కట్టాను. డబ్బు కట్ అయినట్టు మెసేజ్ ఆ క్షణమే వచ్చింది. స్ప్రింగు ఒక చుట్టు తిరిగింది. పల్లీ పట్టీ ముందుకు జరిగి, కవరు కొస స్ప్రింగుకి తగులుకుని అక్కడే వేలాడింది.

సరే, కస్టమర్ కేర్ ఉంటుంది కదా. ఉంది. ఆ నంబరుని మెషీన్ బయట ఎక్కడైనా అతికించొచ్చు, బోలెడంత రేకు ఖాళీగా ఉంది. ఏ మహానుభావుడికి తోచిందో గానీ, అద్దం లోపల, 27 ఉన్న అరకి సరిగ్గా కింద అంచు మీద అతికించాడు. 1800 నుంచి అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. చివరి రెండంకెల మీద మాత్రం నా పల్లీ పట్టీ వేలాడుతోంది. అంటే అది కింద పడలేదని ఫిర్యాదు చేయాలంటే, ముందు అది కింద పడాలి.

రెండంకెలంటే 00 నుంచి 99 దాకా వంద నంబర్లు. ఒక్కొక్కటీ కొట్టి చూసే టైం లేదు. పక్క నుంచి కనిపిస్తాయేమోనని చెంప అద్దానికి ఆనించాను. ఒకటి ఆరో, ఎనిమిదో. ఇంకాస్త ఒరిగి ఒక కన్ను మూశాను. నంది చెవిలో కోరిక చెప్పుకునే భక్తుడి భంగిమ అన్నమాట.

ఆ భంగిమలో ఏవేవో గుర్తొస్తాయి. చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో బరువు తూచే మెషీన్ ఉండేది. నాణెం వేస్తే రంగు బల్బులు వెలిగి, చక్రం తిరిగి, టక్కున అట్టముక్క పడేది. ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకం. బరువు తప్పు కావచ్చు, జాతకం ఎటూ తప్పే, కానీ అట్ట మాత్రం పడేది! అంతెందుకు, 1వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో హీరో అనే గ్రీకు ఇంజనీరు నాణెం వేస్తే గుడిలో తీర్థం పోసే యంత్రం గురించి రాశాడు. నాణెం బరువుకి మీట వంగుతుంది, మూత తెరుచుకుంటుంది, నాణెం జారిపోగానే మూసుకుంటుంది. యాప్ లేదు, ఓటీపీ లేదు. 2022లో మన బేగంపేటలో ఏకంగా బంగారం ఇచ్చే ఏటీఎం పెట్టారు. ఊళ్ళో మెషీన్లు బంగారం రాలుస్తుంటే, మాది బెల్లం వదలట్లేదు.

అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. మా మేనేజరు, ఆయన వెంట బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు. ఆయన నన్ను చూశాడు. అద్దానికి నొక్కుకుపోయిన నా చెంపని చూశాడు. "ఇక్కడ ఫెసిలిటీస్ అన్నీ ఉన్నాయండీ" అని వాళ్లని చకచకా బయటికి నడిపించుకుపోయాడు.

సెక్యూరిటీ ఆయన వచ్చాడు.

"కొట్టకండి సార్, కెమెరా ఉంది."

"నేను కొట్టలేదన్నా."

"అందరూ ఫస్టు ఇట్లనే ఉంటరు సార్. తర్వాత కొడ్తరు."

నంబరు చివరికి దొరికింది, ఎలాగన్నది వదిలేయండి. అవతలి అబ్బాయి చాలా మర్యాదస్తుడు. "మా సిస్టంలో డెలివరీ అయినట్టే చూపిస్తోంది సార్" అన్నాడు. మోటారు ఒక చుట్టు తిరిగితే ఇచ్చేసినట్టేనట. కొన్ని మెషీన్లలో వస్తువు కింద పడిందో లేదో కనిపెట్టే సెన్సర్ ఉంటుంది, పడకపోతే స్ప్రింగు ఇంకాస్త తిరుగుతుంది. మా దాంట్లో ఆ ఖర్చు మిగిల్చి, పైన నీలం లైట్లు పెట్టించారు.

ఫొటో పంపమన్నాడు, పంపాను. అద్దంలో నా మొహం పడటం వల్ల ప్రోడక్ట్ స్పష్టంగా లేదని జవాబొచ్చింది. కాల్‌కి ఆలస్యమైంది, అది వేరే గొడవ.

ఇవాళ పొద్దున సరుకు నింపే కుర్రాడు వచ్చి వెళ్ళాడట. మరి దాన్ని తీయమని చెప్పలేదా అని సెక్యూరిటీ ఆయన్ని అడిగాను.

"చెప్పిన సార్. ఖాళీ అయిన లైన్లే నింపుతడంట. 27 ఫుల్లుంది కదా అన్నడు."