దర్శనా దాడి గురించి తిరుపతిలో ఎవరైనా వివరంగా చెప్పాలి

డిసెంబర్ 16, అంటే 1971లో పాకిస్తాన్ మీద మనం గెలిచిన రోజు వస్తే మన గ్రూపుల నిండా రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలా పోరు, ఢాకాలో పాక్ సైన్యం లొంగుబాటు ఫొటోలే. మన తిరుపతికి చెందిన మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ ఏ యుద్ధం చేశారో అడిగితే జవాబు రాదు. 2021 ఫిబ్రవరిలో ఆ గెలుపు యాభయ్యో ఏడాదికి గుర్తుగా ఊరూరా తిప్పిన విజయ జ్యోతి తిరుపతికి వచ్చింది, అప్పటి ముఖ్యమంత్రి జగన్ వచ్చి ఆయన్ను సన్మానించారు. ఆయన పతకం పేరు 'మహావీర చక్ర' అని రాసుకున్నాం, అక్కడితో సరి. పొగడ్త మిగిలింది, పని మరుగున పడింది. నాకు కోపం అందుకే.

1971లో ఆయన లెఫ్టినెంట్ కర్నల్, ఒకటో గోర్ఖా రైఫిల్స్ ఐదో బెటాలియన్ కమాండర్. అప్పటి తూర్పు పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఉథలీ, దర్శనాల్లో శత్రువుకి, అంటే పాక్ సైన్యానికి కాంక్రీట్ బంకర్లు, వాటి ముందు మందుపాతరలు, ముళ్లకంచె. అదంతా చదునైన వరిపొలాల నేల, దాక్కోవాలంటే గట్లు తప్ప ఇంకేం లేవు.

ఇలాంటి చోట దాడంటే 'ప్రాణాలకు తెగించి ఉరకడం' కాదండీ. ముందు దారి చేయాలి. సన్నని ఊచను ఏటవాలుగా గుచ్చుతూ మందుపాతర వెతుకుతారు. నిలువుగా గుచ్చితే పైనున్న ప్లేటు నొక్కుకుని పేలుతుంది. దొరికిన దారికి రెండు పక్కలా తెల్ల టేపు పరుస్తారు. ఆ ఇరుకు దారిలో ముందు మనిషి పడితే వెనక కంపెనీ మొత్తం మెషిన్‌గన్ ఎదుట ఆగిపోతుంది. మన ఫిరంగులు గుండ్లు కురిపిస్తున్నంత సేపే శత్రువు తల దించుకుని ఉంటాడు. గుండ్లు ఆగేసరికి జవాన్లు బంకర్ దగ్గరికి చేరకపోతే వాడు మళ్లీ గన్ను పట్టుకుంటాడు, అంతే సంగతులు. బంకర్లు ఒకదానికొకటి కాపు కాస్తుంటాయి. అందుకే ఒక సెక్షన్ (పదిమంది దాకా ఉండే చిన్న జట్టు) బంకర్ కంత మీద కాల్పులు ఆపకుండా ఉంటే, ఇంకో సెక్షన్ పక్కనుంచి పాకి గ్రెనేడ్ వేస్తుంది. 36 నంబర్ గ్రెనేడ్‌కి 4 సెకన్ల ఫ్యూజు. తొందరపడి వేస్తే లోపలివాడు బయటికి విసిరేస్తాడు.

అసలు గండం గెలిచాకే. ఆ కందకాలు ఎక్కడున్నాయో శత్రు ఫిరంగులకు ముందే కొలతతో సహా తెలుసు. మనవాళ్ల మ్యాగజైన్లు ఖాళీ, ఒళ్లు అలసి ఉంటుంది, గాయపడినవాళ్లు చుట్టూ ఉంటారు. ఎదురుదాడి వచ్చేదీ అప్పుడే. ఎల్‌ఎంజీలను (తేలికపాటి మెషిన్‌గన్లను) ఎదురుదాడి వచ్చే వైపు తిప్పడం, తూటాలు పంచడం, గాయపడినవాళ్లను వెనక్కి పంపడం, ఇవన్నీ నిమిషాల్లో అయిపోవాలి. గెలిచిన బెటాలియన్ బతికి బట్టకట్టేది ఇక్కడే.

డిసెంబర్ 4న దర్శనా చేతికొచ్చింది, 7న ఇంకా లోపలున్న జెనైదా పట్టణం. మధ్య మూడు రోజులే. శత్రువుని ఊపిరి తీసుకోనీకుండా తరమడం ఎందుకంటే, కందకం తవ్వడానికి గంటలు, మందుపాతరలు పరచడానికి రోజులు కావాలి. ఆ టైము దొరికితే ఉథలీ లాంటి ఇంకో గోడ మీదికి మళ్లీ మనుషుల్ని పంపాల్సి వచ్చేది. నా దృష్టిలో ఆ పతకం వెనక ఉన్న పెద్ద పనితనం ఇదే, మన సభల్లో ఒక్కసారీ వినపడనిది కూడా ఇదే.

ఆ బెటాలియన్ జవాన్లు మన జిల్లావాళ్లు కారు, గోర్ఖాలు. వాళ్లు ఎందరు నేలకొరిగారో, ఎలా పోరాడారో కూడా ఆ సభల్లోనే చెప్పాలి. వచ్చే డిసెంబర్‌కి శాలువాల ఖర్చు తగ్గించి, ఎన్‌సీసీ పిల్లల ముందు ఉథలీ, దర్శనా, జెనైదా మ్యాపు పరిచి రిటైర్డ్ సైనికుడి చేత గంటసేపు చెప్పించండి.