ముందు వినండి, ఆ తర్వాతే పిలవండి

హ్యామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ల లోకంలో, అరుదైన దూరదేశపు స్టేషన్ ఒకటి వినిపిస్తే చాలు, బ్యాండ్ (వాళ్లు మాట్లాడుకునే తరంగాల పరిధి) మీద తిరునాళ్లే, అందరూ ఒకేసారి దాన్ని పిలుస్తారు. ఆ గోలలోంచి ఆపరేటర్ ఒక అక్షరం పట్టుకుని "చివర రోమియో ఉన్న స్టేషన్ ఒక్కటే రండి" అంటాడు. రోమియో అంటే 'R' అక్షరం. కాల్ సైన్‌లో (స్టేషన్‌కిచ్చిన గుర్తింపు పేరులో) ఆ అక్షరమే లేనివాళ్లు కూడా ఆగరు, గొంతు పెంచి మరీ పిలుస్తారు. అసలు మనిషి ఇచ్చే జవాబు ఆ గోలలో కలిసిపోతుంది. పని మళ్లీ మొదటికొస్తుంది. దీన్ని చాలామంది ఉత్సాహం అని సరిపెట్టుకుంటారు. నేను మాత్రం పక్కవాడి వంతు లాక్కోవడం అంటాను.

పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే మీట) నొక్కినంతసేపూ మనకేమీ వినపడదు. ఎఫ్‌ఎమ్‌లో ఇద్దరు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి మాట్లాడితే సాధారణంగా బలమైన సిగ్నలే నిలుస్తుంది. బలహీనమైనది మాయమవుతుంది, తన మాట ఎవరికీ చేరలేదని పాపం ఆ మాట్లాడినవాడికి తెలియదు కూడా. రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని దూరానికి మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) మీద ఒకరు ముగించాక కాస్త ఆగి నొక్కమని పెద్దలు చెప్పేది ఇందుకే. చేతిలో చిన్న హ్యాండీతో ఉన్న కొత్త కుర్రాడైనా, ఆపదలో ఉన్న మనిషైనా "బ్రేక్" అని మధ్యలో మాట్లాడే అవకాశం అడగగలిగేది ఆ సందులోనే. ఆ సందు ఇవ్వనివాడు ఎంత పెద్ద యాంటెన్నా వేసినా మంచి హ్యామ్ కాడు.

సరదాకి ఇన్ని కట్టుబాట్లా, కొత్తవాళ్లు బెదిరిపోరా అని అడుగుతారు. నిజానికి కొత్తవాళ్లు బెదిరేది అందరూ వింటుండగా గదమాయించే సీనియర్లను చూసి. ఆ సీనియర్లదీ మర్యాద తప్పడమే.

2004 డిసెంబర్ గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ అండమాన్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్ సైన్‌తో మాట్లాడుతున్నారు. ఏళ్ల తరబడి హ్యామ్ గొంతు వినపడని దీవులు కాబట్టి ప్రపంచమంతా ఆ కాంటాక్ట్ కోసం ఎగబడుతోంది. 26న సునామీ వచ్చింది. మామూలు ఫోన్లు పడిపోయాయి. ఆమె సరదా కాంటాక్టులు పక్కన పెట్టి అత్యవసర సమాచారం చేరవేసే పనిలో దిగారు. అలాంటి వేళ ఫ్రీక్వెన్సీకి కావలసింది నోరు మూసుకుని వినేవాళ్లు. మామూలు రోజుల్లో ఆ అలవాటు లేనివాడికి విపత్తు రోజున ఎక్కడినుంచి వస్తుంది?

ఈ రోగం రేడియోకే పరిమితం కాదు, మన టీవీ చర్చలు చూడండి. నలుగురు ఒకేసారి అరుస్తారు, యాంకర్ ఐదో గొంతు కలుపుతాడు. రైతు సమస్య మీద చర్చ అంటారు, రైతు ఫోన్ లైన్‌లో ఉంటాడు, అతని రెండు వాక్యాలు ఆ రభసలో కొట్టుకుపోతాయి. బలమైన సిగ్నల్ గెలిచిందంతే. ఇందులో ఇంజనీరింగ్ చిక్కేమీ లేదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా మైకులు కట్టేసే స్విచ్ కంట్రోల్ రూమ్‌లోనే ఉంటుంది. చానెళ్లు దాన్ని రేపే వాడొచ్చు.