ఎర్రనల్లిని తినే నల్లిని మనమే చంపుకుంటున్నాం

ఎండలు ముదిరేసరికి హైదరాబాద్ మిద్దె తోటల్లో వంగ, గులాబీ ఆకులపై సన్నని తెల్లచుక్కలు పడి, ఆకు అడుగున సాలెగూడు లాంటి బూజు అల్లుకోవడం, దానికి వెంటనే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు ఏదో ఒకటి కొట్టమని ఎవరో సలహా ఇవ్వడం ఏటా జరుగుతున్నదే. ఈ సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఈ చుక్కలకు, బూజుకు కారణమైన ఎర్రనల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్లున్న సాలీడు జాతి జీవి. ఆ మందులకు అది సరిగా లొంగదు సరికదా, దానిని తిని బతికే పరభక్షక నల్లులు ముందుగా చనిపోవడంతో కొద్ది రోజులకే ఉద్ధృతి మునుపటికన్నా పెరుగుతుంది. రెండు మచ్చల ఎర్రనల్లి ఇప్పటికే 90కి పైగా మందులను తట్టుకునే శక్తిని సంపాదించుకున్న సంగతి కూడా మరువరాదు.

మందు డబ్బా తెరిచే ముందు ఆకును తిరగేసి భూతద్దంతో చూడండి. బూజులో నెమ్మదిగా కదులుతూ, ఒంటికి ఇరువైపులా నల్లమచ్చ ఉన్నది ఎర్రనల్లి, దాని గుడ్డు గుండ్రంగా ఉంటుంది. మచ్చల్లేకుండా నున్నగా మెరుస్తూ, పొడవాటి కాళ్లతో ఈనెల వెంట చకచకా పరుగెత్తేది పరభక్షక నల్లి, దాని గుడ్డు కోలగా ఉంటుంది. అది కనిపించిన మొక్కపై దయచేసి పిచికారీ చేయకండి.

1958లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కలపై దొరికిన ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే పరభక్షక నల్లి ఐరోపా గ్రీన్‌హౌస్‌లలో ఎర్రనల్లికి ప్రధాన విరుగుడైంది. స్పెయిన్‌లోని అల్మేరియాలో 2006 చివర క్యాప్సికంలో నిషిద్ధ మందు అవశేషాలు బయటపడ్డాక, తామర పురుగులను, తెల్లదోమను తినే స్విర్‌స్కీ అనే మరో పరభక్షక నల్లిని రైతులు పెద్దఎత్తున వదిలారు.

అయితే పెర్సిమిలిస్‌ను తెచ్చి ఇక్కడ వదిలితే సరిపోతుందని నేను అనను. గాలిలో తేమ తగ్గితే దాని గుడ్లు ఎండిపోతాయి, 30 డిగ్రీలు దాటితే అది డీలాపడుతుంది, మన ఏప్రిల్, మే నెలల సంగతి చెప్పనక్కర్లేదు. మన దేశంలోనే సహజంగా ఉన్న నియోసియులస్ లాంగిస్పినోసస్ అనే పరభక్షక నల్లిపై దృష్టి పెట్టాలి. పురుగులను వాటి సహజ శత్రువులతోనే అదుపు చేసే జీవ నియంత్రణలో శిక్షణనిచ్చే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉండగా, చేవెళ్ల, మొయినాబాద్ పాలీహౌస్ గులాబీ రైతుకు మందు డబ్బా దొరికినంత సులువుగా ఈ నల్లి దొరకకపోవడం నాకు మింగుడుపడటం లేదు. పాలీహౌస్‌కు రాయితీ ఇచ్చే ప్రభుత్వం ఈ నల్లుల పెంపకానికీ రాయితీ ఇచ్చి, ఎర్రనల్లి విజృంభించాక కాకుండా, ఫిబ్రవరిలో మొదటి మచ్చలు కనబడేసరికే రైతు చేతికి అందేలా చూడాలి.