షెపర్డ్, డిలింగ్‌హామ్‌లను నిజంగా కూర్చోబెట్టారా?

2024 మార్చి 21న పిట్స్‌బర్గ్‌లో కెంటకీ యూనివర్సిటీ జట్టు ఓడిపోయినప్పటి నుంచి ఒక మాట ఆగకుండా తిరుగుతోంది. ప్రతి మార్చిలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదలవగానే మళ్లీ పైకొస్తుంది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో నాకే మూడు నాలుగుసార్లు కనబడింది. దాని సారాంశం ఇది: "కోచ్ జాన్ కాలిపరి దగ్గర రీడ్ షెపర్డ్, రాబ్ డిలింగ్‌హామ్ అనే ఇద్దరు గార్డులున్నారు. ఆ జూన్‌లోనే ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఒకడు 3వ స్థానంలో, ఇంకొకడు 8వ స్థానంలో వెళ్లారు. అలాంటివాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, తనకు తెలిసినవాళ్ల అబ్బాయి డీజే వాగ్నర్‌ను ఆడించాడు. అందుకే 3వ సీడ్ కెంటకీ 14వ సీడ్ ఓక్లండ్ చేతిలో 80-76తో ఇంటికెళ్లింది."

గార్డులంటే బంతిని నడిపిస్తూ, ఎక్కువగా దూరం నుంచి ఆడేవాళ్లు. డ్రాఫ్టు అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం. సీడ్ అంటే టోర్నమెంట్‌లో జట్టుకిచ్చే ర్యాంకు, అంకె ఎంత చిన్నదైతే జట్టు అంత బలమైనదని. ఆ మెసేజ్‌లో ఉన్న అంకెలు నిజమే. అందుకే జనం నమ్ముతున్నారు. కానీ ఆ అంకెల మీద కట్టిన మాటలు ఒక్కొక్కటిగా చూస్తే నిలబడవు.

మొదటిది, "కూర్చోబెట్టాడు" అన్న మాట. షెపర్డ్ ఆ సీజన్‌లో 33 మ్యాచ్‌లు ఆడితే 5 మ్యాచ్‌ల్లోనే మొదటి ఐదుగురిలో ఉన్నాడు. నిజం. కానీ మ్యాచ్‌కు సగటున దాదాపు 29 నిమిషాలు కోర్టులో ఉన్నాడు. మొదటి ఐదుగురిలో దిగుతూ వచ్చిన వాగ్నర్‌ది 26 నిమిషాల లోపే. అంటే బెంచీ మీద నుంచి వచ్చిన కుర్రాడు, మొదట్లో దిగిన కుర్రాడి కంటే ఎక్కువసేపు ఆడాడు. గార్డుల్లో షెపర్డ్ కంటే ఎక్కువ ఆడింది సీనియర్ ఆంటోనియో రీవ్స్ ఒక్కడే, సుమారు 31 నిమిషాలు. మ్యాచ్‌కు 20 పాయింట్లు కొట్టేవాడిని ఎవరు మాత్రం తీసేస్తారు?

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు. కోర్టులో ఐదుగురు కాబట్టి కోచ్ పంచిపెట్టగలిగేది మొత్తం 200 నిమిషాలు. ముగ్గురు గార్డులతో ఆడితే వాళ్ల వాటా 120. రీవ్స్ 31, షెపర్డ్ 29, వాగ్నర్ 26, డిలింగ్‌హామ్ 23 కలిపితే దాదాపు 110. నలుగురినీ తలా 35 నిమిషాలు ఆడించాల్సింది అనేవాళ్లు 140 అడుగుతున్నారన్నమాట. ఆ అదనపు నిమిషాలు ఎక్కడివి? తప్పిన షాట్ల బంతులు (రీబౌండ్లు) అందుకోవడం కోసం, బుట్ట దగ్గర కాపలా కోసం పెట్టుకున్న పొడుగువాళ్ల దగ్గర్నుంచి లాక్కోవాలి. అసలే డిఫెన్స్ బలహీనంగా ఉన్న జట్టులో అది చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ఇన్నాళ్లుగా నడుస్తున్న గొడవ "ఇద్దరు స్టార్లను తొక్కేశారు" అన్నంత పెద్దది కాదు. డిలింగ్‌హామ్‌కు ఇంకో ఐదారు నిమిషాలు ఇవ్వాల్సిందా లేదా అన్నదే. ఆ ప్రశ్న అడగండి, నేనూ వస్తాను చర్చకు.

అన్నట్టు, మొదట ఎవరు దిగారన్నదాని కంటే చివర్లో ఎవరున్నారన్నది చూడాలి. 2024 ఫిబ్రవరి 27, మిసిసిపీ స్టేట్ వాళ్ల కోర్టు. స్కోరు 89-89. బంతి షెపర్డ్ చేతిలో. డ్రిబుల్ చేసుకుంటూ లోపలికి దూసుకెళ్లి, ఎదురొచ్చిన చేతుల మీదుగా బంతిని మెల్లగా పైకి వదిలాడు. అది బుట్టలో పడేసరికి గడియారంలో సెకను కూడా మిగల్లేదు. 91-89. ఆ రోజు అతనివి 32 పాయింట్లు. నమ్మకం లేని కోచ్ ఆఖరి బంతిని ఆ పిల్లాడి చేతికి ఇస్తాడా?

నేను కాలేజీ టీమ్‌లో ఆరో మనిషిగానే, అంటే మొదటి ఐదుగురి తర్వాత బెంచీ మీద నుంచి ముందుగా దిగేవాడిగా ఆడాను. మొదట్లో చాలా బాధేసేది. అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చిన రోజు ఐదుగురి పేర్లలో నాది లేకపోతే తల ఎత్తాలనిపించేది కాదు. కానీ బెంచీ మీద కూర్చున్న ఆ మొదటి నాలుగైదు నిమిషాల్లో నాకు కనిపించినవి కోర్టులో ఉన్నవాళ్లకు కనిపించేవి కావు. ఎదుటి గార్డు ఎడమ చేతి వైపు వెళ్లాల్సి వస్తే తల దించుతున్నాడా, ఎవరు అప్పుడే నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటున్నారు, రిఫరీ చిన్న తగులుకే ఫౌల్ ఇస్తున్నాడా, ఇవన్నీ చూసుకుని దిగేవాణ్ణి. షెపర్డ్ 33 మ్యాచ్‌ల్లో 82 సార్లు ఎదుటివాళ్ల నుంచి బంతి కొట్టేశాడు. చేతి వేగం ఒక్కటే దానికి కారణమంటే నేను ఒప్పుకోను. ఆట ఎటు పోతోందో ముందే చదివేవాడు తను.

రెండోది డ్రాఫ్టు వాదన. "3వ, 8వ స్థానాల్లో తీసుకున్నారంటేనే తెలియడం లేదా?" అంటారు. డ్రాఫ్టులో జట్లు కొనుక్కునేది నాలుగైదేళ్ల తర్వాతి ఆటగాణ్ణి. 19 ఏళ్ల కుర్రాడు అప్పటికప్పుడు మ్యాచ్‌లు గెలిపిస్తాడని కాదు. హ్యూస్టన్‌లో షెపర్డ్‌కు, మిన్నెసోటాలో డిలింగ్‌హామ్‌కు తొలి సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 13 నిమిషాలు కూడా దక్కలేదు. అంత ముందు స్థానాల్లో వెళ్లినవాళ్లను తెచ్చుకున్న జట్లే అలా ఆడించాయి మరి.

ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 2014-15లో ఇదే కాలిపరి, ఇదే కెంటకీ. హ్యారిసన్ కవలలు మొదట దిగేవాళ్లు. బెంచీ మీద నుంచి వచ్చే గార్డులు టైలర్ యూలిస్, డెవిన్ బుకర్. బుకర్ ఆ ఏడాది ఒక్క మ్యాచ్‌లో కూడా మొదటి ఐదుగురిలో లేడు. మ్యాచ్‌కు 21, 22 నిమిషాలు, 10 పాయింట్లు. తర్వాత 13వ స్థానంలో ఫీనిక్స్‌కు వెళ్లాడు, 2017లో ఒకే ఎన్‌బీఏ మ్యాచ్‌లో 70 పాయింట్లు కొట్టాడు. మరి ఆ కెంటకీ జట్టు ఏమైంది? వరుసగా 38 మ్యాచ్‌లు గెలిచి, సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో ఓడింది. బుకర్‌ను బెంచీ మీద నుంచి దించడం 38 మ్యాచ్‌ల పాటు తప్పుగా కనిపించలేదు. అదే పద్ధతి 2024లో ఒక్క ఓటమితో నేరం ఎలా అయింది?

మూడోది, "డిలింగ్‌హామ్ 23 నిమిషాల్లోనే 15 పాయింట్లు కొట్టాడు, 40 నిమిషాలు ఆడిస్తే 26 కొట్టేవాడు" అన్న హెచ్చవేత. ఆటలో ఇలాంటి లెక్క కుదరదు. తాజా కాళ్లతో దిగి, అలసిపోయిన డిఫెండర్ మీద విరుచుకుపడటం వేరు. మొదటి నిమిషం నుంచి ఎదుటి జట్టులోని అత్యుత్తమ డిఫెండర్‌ను వీపు మీద మోయడం వేరు. పైగా డిలింగ్‌హామ్ 75 కిలోలు కూడా లేని, సుమారు ఆరడుగుల ఒక అంగుళం కుర్రాడు. అతని ఆటంటే నాకు ప్రాణం. బంతితో ఆగి, మళ్లీ కదిలే ఆ తీరు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ ఫిబ్రవరి 3న సొంత కోర్టులో టెనెసీ మీద అతను 35 పాయింట్లు కొట్టిన రోజు ఏం జరిగింది? కెంటకీ 103-92తో ఓడింది. 92 పాయింట్లు చేసి కూడా ఓడిందంటే లోటు ఎక్కడుందో చూడండి. ఆ సీజన్‌లో కెంటకీ మ్యాచ్‌కు సగటున 89 పాయింట్లు చేసింది, 80 దాకా ఇచ్చుకుంది. పాయింట్లకు కొదవ లేని జట్టుకు ఇంకా పాయింట్లు కొట్టేవాడి నిమిషాలు పెంచడం ఒక్కటే మందు అనడం నాకు సరిగా అనిపించదు.

ఇక ఓక్లండ్ మ్యాచ్. ఇది కాలిఫోర్నియా ఓక్లండ్ కాదు, మిషిగన్‌లోని యూనివర్సిటీ. ఆ రోజు ఓక్లండ్ ఆటగాడు జాక్ గోల్కీ వేసిన 20 షాట్లూ 3-పాయింటర్లే (గీత బయటి నుంచి వేసే, మూడేసి పాయింట్ల షాట్లు). అందులో 10 పడ్డాయి, ఫ్రీ త్రోలతో కలిపి 32 పాయింట్లు. పొడుగువాళ్లు అడ్డంగా నిలబడి స్క్రీన్ పెడుతుంటే, వాళ్ల చుట్టూ తిరుగుతూ పరిగెత్తాడు. వెంటపడే కెంటకీ గార్డు స్క్రీన్‌కు తగిలి అర సెకను వెనకబడితే చాలు, బంతి అప్పటికే గాల్లో ఉండేది. అటు షెపర్డ్ అదే మ్యాచ్‌లో కోర్టులో ఉండి 3 పాయింట్లే చేశాడు. వేసిన 3-పాయింటర్లలో 52 శాతం బుట్టలో పడే కుర్రాడికి కూడా అలాంటి రోజు వస్తుంది. అతన్ని తప్పుపట్టడం లేదు, "ఆడించలేదు కాబట్టి ఓడారు" అన్న మాట ఈ మ్యాచ్‌కు అతకదని చెబుతున్నాను. ఇంకో సంగతి ఈ మెసేజులు పంపేవాళ్లు ఎప్పుడూ చెప్పరు. గోల్కీ ఆ ఏడాది ఓక్లండ్ ఆడే హొరైజన్ లీగ్‌లో ఉత్తమ సిక్స్త్ మ్యాన్ అవార్డు అందుకున్నాడు. కెంటకీని ఓడించింది, సీజనంతా బెంచీ మీద నుంచి వచ్చి పేరు తెచ్చుకున్న గార్డే.

చివరిది, వాగ్నర్ మీద వేసే నింద. అతని తండ్రి డజువాన్ 2001-02లో మెంఫిస్ యూనివర్సిటీలో కాలిపరి దగ్గర ఆడాడు, తాత మిల్ట్ అక్కడ కోచ్ సిబ్బందిలో పనిచేశాడు. దాచాల్సిందేమీ లేదు. కానీ వాగ్నర్ దేశంలోనే పేరున్న హైస్కూల్ గార్డుల్లో ఒకడిగా కెంటకీకి వచ్చాడు. చుట్టరికం ఉన్నా లేకపోయినా ఏ పెద్ద కాలేజీ అయినా తీసుకునేది. కుటుంబం సంగతే మాట్లాడాలంటే షెపర్డ్ తల్లిదండ్రులిద్దరూ కెంటకీ ఆటగాళ్లే. తండ్రి జెఫ్ 1998 ఫైనల్ ఫోర్‌లో, అంటే చివరి నాలుగు జట్ల దశలో, అత్యుత్తమ ఆటగాడు. దాన్ని ఎవరూ పక్షపాతం అనలేదు, అనకూడదు కూడా.

వాగ్నర్ ఆ ఏడాది వేసిన 3-పాయింటర్లలో 29 శాతమే బుట్టలో పడ్డాయి. నన్నడిగితే జనవరి తర్వాత షెపర్డ్‌ను మొదటి ఐదుగురిలో దించి, వాగ్నర్‌ను తర్వాత పంపేవాణ్ణి. ఆ విషయంలో కాలిపరిని నేనూ తప్పుపడతాను. కానీ ఒక 18 ఏళ్ల పిల్లాడిని, ఇంటి పేరు వల్లే ఆడాడని ఇన్నేళ్లుగా అనడం నాకు మింగుడుపడటం లేదు. కాలిపరి ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్తే అతనూ వెంట వెళ్లాడు. 2025 మార్చిలో 10వ సీడ్ ఆర్కన్సా 2వ సీడ్ సెయింట్ జాన్స్‌ను ఓడించి చివరి పదహారు జట్లలోకి వెళ్లింది. ఆ జట్టు మొదటి ఐదుగురిలో వాగ్నర్ ఉన్నాడు.