కూలిపోయిన గంటల గోపురానికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ శాంటా మారియా దెల్లా కరితా చర్చి గంటల గోపురం గారికి,

నమస్కారాలు. మీరు 1744లోనే కూలిపోయారు కనుక క్షేమమా అని అడగడం బాగుండదు. నేరుగా విషయానికి వస్తాను. మీకు జరిగిన అవమానం గురించి ఇన్నాళ్లూ ఎవరూ నోరు విప్పలేదు.

1725 ప్రాంతంలో కానలెట్టో అనే వెనిస్ చిత్రకారుడు మీ బొమ్మ వేశాడు. అప్పటికి ముప్పై కూడా నిండని కుర్రాడు. వాళ్ల నాన్న నాటకాలకు తెరలు వేసేవాడు. వెనిస్‌లోని పెద్ద కాలవ గ్రాండ్ కెనాల్ ఒడ్డున అంత ఎత్తున నిలబడ్డ మీరు, బొమ్మ మొత్తం మీదే అనుకుని ఉంటారు. తీరా చూస్తే మిమ్మల్ని కాలవ అవతల నిలబెట్టి, ఇవతలి ఒడ్డంతా రాళ్లు కొట్టేవాళ్లకు రాసిచ్చేశాడు. పెళ్లి గ్రూప్ ఫోటోలో వెనక వరసలోకి నెట్టేసిన పెదనాన్నలా ఉన్నారు మీరు. పైగా ఆ రాళ్లు మీవి కూడా కావు, పక్కనున్న శాన్ విదాల్ చర్చి పనికి తెచ్చినవి. ఇక లోకం ఈ బొమ్మకు పెట్టుకున్న పేరు చూశారుగా, 'రాతి పనివాడి పెరడు'. అందులో చర్చి ఊసే లేదు.

అసలు జనం చూపు మీ దాకా వస్తేగా! ఎడమ పక్క కింద ఓ పసివాడు తూలి వెల్లకిలా పడ్డాడు. పడ్డ కంగారులో ఉచ్చ పోసేశాడు. కానలెట్టో ఆ సన్నటి ధారని కూడా వదల్లేదు, ఒక్క గీతలో పెట్టాడు. తల్లి చేతులు చాచి పరుగెత్తుకొస్తోంది. పై నుంచి ఇంకో ఆవిడ వంగి చూస్తోంది (ఏ ఊళ్లోనైనా ఆ ఆవిడ ఉంటుంది లెండి). ఒకామె బావిలో నీళ్లు తోడుకుంటోంది, ఇంకొకామె బాల్కనీలో కూర్చుని నూలు వడుకుతోంది. కిటికీ గట్టు మీద కోడిపుంజు. ఆరేసిన బట్టలు. తెల్లటి రాతిపొడి. ఇన్నీ దాటుకుని, పడవలున్న కాలవ దాటి, అప్పుడు కదా మీరు!

ఇప్పుడు వెనిస్ అంటే గొండోలా పడవలో కూర్చుని ఫోటో దిగడం. కానలెట్టో కూడా తర్వాత ఆ దారే పట్టాడు. ఇంగ్లండు నుంచి వచ్చే దొరలకు ఎండ కాసే కాలవలు, పండగ పడవలు ఆర్డర్ మీద వేసిచ్చాడు. జోసెఫ్ స్మిత్ అనే ఇంగ్లీషాయన మధ్యలో ఉండి బేరాలు కుదిర్చాడు, తనూ బోలెడు కొనుక్కున్నాడు. 1762లో ఆయన సేకరణలో చాలా భాగాన్ని ఇంగ్లండు రాజు మూడో జార్జి కొనేశాడు. ఆ బొమ్మల్లో ఎవరి బట్టలకీ దుమ్ము అంటదు. అందంగానే ఉంటాయి, కాదనను. కానీ వాటిలో ఏ పిల్లాడూ కింద పడి ఇంత హంగామా చెయ్యడు. నా ఓటు మాత్రం మీరు వెనక నిలబడ్డ ఈ మబ్బు పట్టిన పెరటికే.

ఇంకో అన్యాయం. మీ ఊళ్లోనే శాన్ మార్కో గోపురం 1902లో కుప్పకూలింది. పెద్దాయన కదా, ఊరంతా ఏకమై ఎక్కడున్నదాన్ని అక్కడే, ఎలా ఉన్నదాన్ని అలాగే కట్టి 1912 కల్లా నిలబెట్టేశారు. మీరు కూలితే మళ్లీ కట్టినవాడు లేడు. రికమండేషన్ లేనివాళ్ల బతుకు గోపురాలకైనా అంతే అనుకోండి. ఆ తర్వాత నెపోలియన్ హయాంలో మీ చర్చిలో ప్రార్థనలు కూడా ఆపించి, ఆ భవనాన్ని ఆర్ట్ అకాడమీకి ఇచ్చేశారు. ఇప్పుడది అకాడెమియా గ్యాలరీలో భాగం. ఒకప్పుడు దేవుడి కోసం వచ్చేవాళ్లు, ఇప్పుడు బొమ్మల కోసం వస్తున్నారు. అయినా మీరున్న ఈ బొమ్మ మాత్రం అక్కడ లేదు. జార్జి బోమాంట్ అనే ఆయన ఇచ్చేయగా, లండన్ నేషనల్ గ్యాలరీకి చేరింది.

అందుకే ఈ ఉత్తరం ఏ అడ్రసుకి పంపాలో తేలడం లేదు. వెనిస్‌కి పంపితే మీరు లేని మీ చర్చిలోకి టికెట్ కొనుక్కుని వెళ్లాలి. లండన్‌లో మిమ్మల్ని ఊరికే చూడొచ్చు, కానీ ముందు ఆ పిల్లాణ్ని దాటాలి.

ఇట్లు,
పిల్లాడి దగ్గరే ఆగిపోయిన ఓ ప్రేక్షకుడు